మూడు కాళ్ళ ముక్కకి రేకు కావాలా, వద్దా

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి మా అమ్మ నవ్వుతోంది, "నీకు అప్పుడే ఒక చిన్నప్పుడా" అని. నవ్వితే నవ్వనీ. పోయిన వారం నేను ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నాను. నాన్న వైపు చూసినా, అమ్మ వైపు చూసినా, డిగ్రీ చేతపట్టుకున్న మొదటి మనిషిని నేనే. ఆ పట్టాని మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నాడు, పాలబ్బాయితో సహా. పట్టుకుని చూసినవాళ్ళు అడిగే మాట మాత్రం ఒకటే. "అందరూ నర్సింగ్‌కి వెళ్తుంటే నువ్వు ఈ తీగల చదువులోకి ఎలా వచ్చావమ్మా?" గోదావరి వైపు మా చర్చి కుటుంబాల్లో ఆడపిల్లని చదివించడమంటే నర్సింగ్ చదివించడమే. కాబట్టి వాళ్ళ ఆశ్చర్యంలో తప్పు లేదు. ఒక్క మాటలో చెప్పమంటేనే నాకు చేతకాదు. ఒక శుక్రవారం నుంచి ఇంకో శుక్రవారం దాకా ఏం జరిగిందో చెప్పాలి.

అప్పుడు మేం ఖతార్‌లో ఉండేవాళ్ళం. దోహా నగరంలో ఐన్ ఖాలిద్ అనే పేటలో ఒక పెద్ద విల్లా, మధ్య మధ్య గోడలు లేపి ఒక్కో కుటుంబానికి రెండేసి గదులు ఇచ్చారు. ఆ గోడలు ఎంత పల్చనివంటే పక్కింట్లో పోపు పెడితే మా ఇంట్లో తుమ్మేవాళ్ళం. నాన్న అల్యూమినియం ఫిట్టర్ల మీద ఫోర్‌మన్. వరల్డ్ కప్ వస్తోందని ఊరంతా తవ్విపోసి ఉండేది. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. నాన్న వాళ్ళ కంపెనీ కొత్త భవనాల కిటికీలకి అద్దాల ఫ్రేములు బిగించేది. విమానం దిగిన ప్రతిసారీ ఇంకో గుంపు మనుషులు వచ్చేవాళ్ళు, పనులకి. ఆ రద్దీ మా ప్రార్థన దాకా వచ్చింది.

అక్కడ సెలవు శుక్రవారం, అందుకే ఆరాధన కూడా శుక్రవారమే. చర్చీలన్నీ ఒకే ఆవరణలో ఉండేవి, ఒక్కో హాల్లో గంటకో భాష. జనం పెరిగి హాళ్ళు చాలకపోయేసరికి, చిన్నదైన మా తెలుగు సంఘానికి కార్లు నిలిపే మైదానం చివర ఒక నీడ షెడ్డు ఇచ్చారు. పైన కప్పు ఉంది, కింద చాపలున్నాయి, ప్లగ్గు మాత్రం లేదు. హాల్లోంచి వైరు లాగుదామంటే మధ్యలో కార్లు తొక్కుతాయని ఒప్పుకోలేదు.

ప్లగ్గు లేకపోవడం అందరికంటే ఎక్కువ పక్కింటి అక్కకి దెబ్బ. అక్కది కాకినాడ దగ్గర. ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ డ్యూటీ చేసేది, శుక్రవారం మా సంఘానికి కీబోర్డు వాయించేది. వారమంతా ఫోన్లో "నమస్కారం, చెప్పండి" అని మూడు భాషల్లో అనీ అనీ గొంతు అరిగిపోయిందని, అందుకే పాట చేతుల్లోకి దింపుకున్నానని చెప్పేది. ఆ కీబోర్డు లావుపాటి సెల్లుల మీద నడిచేది. కాస్త వాయించేసరికి సెల్లులు నీరసపడి, పాట మధ్యలో దాని గొంతు జీరపోయేది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. స్కూల్లో ఎలక్ట్రానిక్స్ క్లబ్బులో చేరి ఎక్కువ రోజులు కాలేదు. "కారు బ్యాటరీ మీద నడిచేలా నేను చేసి పెడతా అక్కా" అన్నాను. పెద్దవాళ్ళెవరైనా అలాంటి మాటకి నవ్వుతారు. అక్క నవ్వకుండా తన ఒకే ఒక్క కీబోర్డు తెచ్చి మా మంచం మీద పెట్టింది.

దీనికి వోల్టేజి రెగ్యులేటర్ అనే ముక్క కావాలి. గోరంత నల్లటి ఒళ్ళు, లోహపు వీపు, మూడు కాళ్ళు. ఒక కాలికి కారు బ్యాటరీ నుంచి పన్నెండు వోల్టులు ఇస్తే, ఇంకో కాలి నుంచి తొమ్మిదే వదులుతుంది. కీబోర్డుకి కావలసింది ఆ తొమ్మిదే. మరి మిగిలిన మూడూ ఎక్కడికి పోతాయి? వేడైపోతాయి. ఆ వేడిని ముక్క తన ఒంట్లోంచే గాలిలోకి వదలాలి. ఒళ్ళు చిన్నది కాబట్టి ఒక్కోసారి వదల్లేదు. అప్పుడు దాని వీపుకి అల్యూమినియం రేకు బిగిస్తారు, ఒళ్ళు పెద్దదైనట్టు అవుతుంది. హీట్‌సింక్ అంటే అదే. ప్రతి ముక్కకీ అది అక్కర్లేదు. కావాలో వద్దో తేల్చుకోవడమే అసలు పని.

నజ్మా బజార్లో రిపేరు షాపు ఆయన దగ్గర ముక్క కొనడానికి నాన్న నన్ను తీసుకెళ్ళాడు. షాపాయన రేకు కూడా తీసి బల్ల మీద పెట్టి, "సబ్ మే లగావ్ బేటీ, టెన్షన్ మాఫీ" అన్నాడు. అన్నిటికీ తగిలించెయ్, బెంగ ఉండదు అని. నాకు పౌరుషం వచ్చింది. అన్నిటికీ తగిలించడమైతే ఇక ఆలోచించడం ఎందుకు? పైగా నా లంచ్‌బాక్సులో అదంతా అమర్చాలనుకున్నాను, రేకు పెడితే మూత పడదు. వద్దన్నాను.

ఇంటికొచ్చి అతుకులు వేసి, నాన్న తెచ్చిన పాత బ్యాటరీకి కలిపి, పక్క గదిలో తమ్ముడు నిద్రపోతున్నాడని సౌండు తగ్గించి, మధ్యాహ్నమంతా కీబోర్డు నడిపాను. మధ్య మధ్యలో ముక్క మీద వేలు పెట్టి చూశాను. టీ గ్లాసు పట్టుకున్నంత వెచ్చగా ఉంది, అంతే. రేకు అక్కర్లేదని తేల్చేసి, మూత పెట్టేశాను.

ఆ శుక్రవారం మే నెల ఎండ. అక్క తన కారుని షెడ్డు అంచుకి ఆనించి నిలిపింది. బ్యాటరీ దిగిపోకుండా ఇంజిన్ నడుస్తూ ఉంది. వైరు పొట్టిది కావడంతో నా డబ్బాని డాష్‌బోర్డు మీద పెట్టాం. మొదటి పాట బ్రహ్మాండంగా సాగింది. జనం తలలు తిప్పి నా వైపు చూస్తున్నారు. నేను జడ సవరించుకున్నాను. రెండో పాట పల్లవి ఎత్తుకోగానే కీబోర్డు చప్పున ఆగిపోయింది. అక్క మీటలు నొక్కుతూనే ఉంది, శబ్దం లేదు. అందరూ చప్పట్లతో పాట లాగించేశారు. తర్వాత సంఘ పెద్దగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అంతా నిశ్శబ్దంగా ఉన్న ఆ సమయంలో డబ్బాలో ముక్కకి ప్రాణం లేచొచ్చింది. మీటల మీద ఆనించి ఉన్న అక్క మోచేతి కింద నుంచి కీబోర్డు ఒక్క పొలికేక పెట్టింది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దగారు కళ్ళు తెరిచారు.

ఆయన మంచివాడే. కోప్పడలేదు. ఆరాధన అయ్యాక అక్కని పక్కకి పిలిచి మెల్లగానే చెప్పారు. "మనం దేవుణ్ణి స్తుతించడానికి వచ్చాం కదమ్మా, కరెంటు కోసం ఎదురుచూడ్డానికి కాదు. వచ్చే వారం కూడా ఇలాగే అయితే ఇక ఫోన్లో ట్రాక్ పెట్టుకుని పాడుకుందాం. నువ్వేం అనుకోకు."

ట్రాక్ అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యం. అది వస్తే అక్క చాప మీద అందరితోపాటు కూర్చుంటుంది. వారమంతా ఎవరెవరి పళ్ళ నొప్పులో రాసుకునే మనిషికి, తనదంటూ ఉన్నది ఆ ఒక్క గంట. అది నా డబ్బా వల్ల పోబోతోంది.

సాయంత్రం నేను మా గదిలో ఏసీ కింద కూర్చుని డబ్బా విప్పి, మళ్ళీ నడిపి చూశాను. శుభ్రంగా పనిచేస్తోంది! ఎంతసేపు చూసినా ఆగదు. మెదడు మొద్దుబారిపోయింది. ఇంతలో తలుపు చప్పుడైంది. అక్క కీబోర్డు తీసుకెళ్ళిపోవడానికి వచ్చిందేమో అనుకున్నాను, తలుపు తీసేసరికి అక్క చేతిలో దువ్వెనా కొబ్బరినూనె సీసా ఉన్నాయి.

"ఏంటే, తల అలా పిచ్చుక గూడులా పెట్టుకున్నావ్? కూర్చో, నూనె రాస్తా."

సీసా వంచింది. చుక్క కూడా రాలేదు. దోహాలో ఏసీ ఇళ్ళల్లో కొబ్బరినూనె ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది. తలకి రాసుకోవాలంటే ముందు సీసాని కిటికీ బయట గట్టు మీద పెట్టడం మా అందరి ఇళ్ళల్లో అలవాటు. అక్క సీసా నా చేతికిచ్చింది. బయట పెట్టాను. జడ విప్పి చిక్కులు తీసేలోపే నూనె నీళ్ళలా కరిగింది. తెచ్చి ఇచ్చాను. నడినెత్తిన పోసి రుద్దుతూ అక్క అంది.

"ఇందాక గడ్డ, ఇప్పుడు నూనె. సీసా మారిందా?"

"లేదు."

"నూనె మారిందా?"

"లేదక్కా, బయట పెట్టాం కదా, అందుకని..."

అంటూనే ఆగిపోయాను. అక్కకి రెగ్యులేటర్ అంటే ఏంటో తెలీదు, వోల్టులంటే తెలీదు. తను అడిగింది నూనె గురించే. నా తల మాత్రం డబ్బా వైపు తిరిగింది. నేను ముక్కని చల్లటి గదిలో అడిగాను, "నీకు రేకు కావాలా" అని. అక్కర్లేదంది, నిజమే చెప్పింది. ఆ తర్వాత దాన్ని తీసుకెళ్ళి ఎండలో అద్దం వెనక పెట్టాను. అక్కడ దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"అక్కా, రేపు మధ్యాహ్నం కారు ఎండలో పెడతావా? నువ్వు నిన్నటిలా... అదే, ఇవాళ్టిలా గట్టిగా వాయించాలి. నేను చూడాలి."

"మధ్యాహ్నమా? నల్లగా అయిపోతే మీ బావగారు నన్ను గుర్తుపట్టొద్దూ?" అంది. ఒప్పుకుంది.

శనివారం నడిమధ్యాహ్నం విల్లా గేటు ముందు కారు పెట్టింది. నీడ లేని చోటు ఏరి మరీ పెట్టింది. అద్దాలు దించి, ఇంజిన్ నడిపిస్తూ, వెనక సీట్లో ఒళ్ళో కీబోర్డు పెట్టుకుని, సంఘంలో వాయించినంత గట్టిగా అదే పాట మొదలుపెట్టింది. నేను ముందు సీట్లో నాన్న మీటరుతో ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఎంత కరెంటు పోతోందో చూస్తున్నాను. మొదటి చూపులోనే నోరు తెరిచాను. ఇంజిన్ నడుస్తుంటే కారు పన్నెండు కాదు, పద్నాలుగు ఇస్తోంది. గట్టిగా వాయిస్తుంటే కీబోర్డు మా గదిలో తాగినదానికి రెట్టింపు కరెంటు తాగుతోంది. డాష్‌బోర్డు మీద చెయ్యి పెడితే పెనం.

మా విల్లా వాచ్‌మన్ మామది జగిత్యాల దగ్గర పల్లె. గేటు గదిలోంచి గొడుగు పట్టుకుని వచ్చి, దాన్ని నా కిటికీ మీదికి వంచి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, గా డబ్బాల ఏమున్నది?"

చూపించాను.

"గింతంత దానికి గింత పంచాయితీనా? ఇగో, మా ఇంటోళ్ళకు గల్ఫంత దుబాయే, నేను దుబాయ్‌ల సల్లగ ఏసీల కూసున్నననుకుంటున్నరు. ఈడ మీరు ఏసీ ఇడిశిపెట్టి ఎండల కూసున్నరు. ఎవల కర్మ ఆళ్ళది."

"మామా, నవ్వించకు, తాళం తప్పుతోంది" అని అక్క అరిచింది. తన కాటుక చెంపల మీదికి దిగింది. మోచేతుల నుంచి చెమట మీటల మీద పడుతోంది. పాట అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. ఆపనా అని ఒక్కసారి కూడా అడగలేదు. మూడోసారో నాలుగోసారో, చరణం మధ్యలో కీబోర్డు చప్పున ఆగింది.

నేను సీట్లోంచి ఎగిరాను. "ఆగింది! అక్కా, ఆగింది!"

వాచ్‌మన్ మామ గొడుగు వెనక్కి తీశాడు. "ఆగితే సంబురపడుతదేందమ్మా ఈ పోరి? ఎండ దెబ్బ కొట్టినట్టున్నది, లోపలికి తీస్కపో."

నిజంగానే నాకు పండగలా ఉంది. ముందు రోజు ఆగినప్పుడు నా ప్రాణం పోయింది. ఇప్పుడు ఎందుకు ఆగిందో దాని పక్కనే కూర్చుని చూశాను. మరీ వేడెక్కితే ఆ ముక్క కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది, చల్లబడ్డాక లేస్తుంది. అది పాడైపోలేదు, మొండికేయలేదు. ఊపిరాడక ఆగింది.

ఇంట్లోకొచ్చి లెక్క వేశాను. ఎక్కువైన వోల్టుల్ని కరెంటుతో గుణిస్తే ఎన్ని వాట్ల వేడో తెలుస్తుంది. రేకు లేకపోతే అలాంటి ముక్క ఒక్కో వాటుకీ చుట్టూ ఉన్న గాలి కంటే అరవై డిగ్రీల పైనే వేడెక్కుతుందని క్లబ్బులో చెప్పారు. నూట పాతిక డిగ్రీలు దాని ఓర్పుకి హద్దు. మా గదిలో గాలి ఇరవై రెండు, వేడి ఒక వాటు కూడా లేదు. హద్దుకి చాలా దూరం. కార్లో వేడి రెండున్నర వాట్లు, గాలే యాభై దాటింది. కలిపితే రెండు వందలు. అయితే డబ్బాని డాష్‌బోర్డు మీద నుంచి తీసి నీడలో పెడితే? మళ్ళీ వేశాను. హద్దు దాటింది. ఇంజిన్ ఆపేస్తే? మళ్ళీ వేశాను. అప్పుడూ దాటింది. ఎలా తిప్పి చూసినా రేకు కావాలి. షాపాయన ముందే చెప్పిన మాట అదే, కానీ ఇప్పుడు ఎందుకో నాకు తెలుసు. ఎంత రేకు కావాలో కూడా తెలుసు. అరచేయంత.

నాన్న డ్యూటీ నుంచి రాగానే అడిగాను. లెక్క ఆయనకి అర్థం కాలేదు. అయినా కాగితం చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. "అరచేయంటే నీదా, నాదా?" అన్నాడు.

"నీదే నాన్నా."

మర్నాడు సైట్లో పారేసే తుక్కులోంచి, సూపర్‌వైజర్ని అడిగి, కిటికీ ఫ్రేము ముక్క ఒకటి తెచ్చాడు. అంచులు గీసుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీసి మరీ తెచ్చాడు. ముక్క వీపుకి దాన్ని బోల్టుతో బిగించాం. లంచ్‌బాక్సు వెనక గోడ కోసేసి, రేకు బయట గాలిలో ఉండేలా పెట్టాం. వైరు పొడుగుది వేశాం, డబ్బా కారులో కాకుండా షెడ్డు నీడలో ఉండేలాగ. ఆ తర్వాత మళ్ళీ గేటు ముందు అదే మధ్యాహ్నపు ఎండ, అదే పాట. అక్క వేళ్ళు నొప్పి పుట్టేదాకా వాయించింది. కీబోర్డు ఆగలేదు. "ఇగ ఆగదా? మరి నేను పొయ్యి పండుకుంట" అని మామ గొడుగు ముడిచాడు.

శుక్రవారం వచ్చింది. డబ్బాని కీబోర్డు స్టాండు కాళ్ళ మధ్య వేలాడదీసి, నేను ఆ పక్కనే చాప మీద కూర్చుని రేకు మీద రెండు వేళ్ళు ఆనించి ఉంచాను. మొదటి పాట అయింది. రేకు వెచ్చబడింది. రెండో పాట పల్లవి, పోయిన వారం ఆగిన చోటు. అక్క నా వైపు చూడలేదు, మీటల వైపే చూస్తోంది. రేకు కాలుతోంది, కానీ వేళ్ళు తీయాల్సినంత కాదు. పల్లవి దాటింది. చరణం దాటింది. పాట అయిపోయాక పెద్దగారు ప్రార్థనకి లేచారు. కళ్ళు మూసుకునే ముందు కీబోర్డు వంక ఒకసారి అనుమానంగా చూశారు. ప్రార్థనంతా నిశ్శబ్దంగా జరిగింది. కళ్ళు తెరిచి, "ఆ పాటే ఇంకొకసారి పాడదామమ్మా, ఈసారి కాస్త నిదానంగా" అన్నారు అక్కతో. ట్రాక్ అనే మాట మళ్ళీ మా షెడ్డులో వినపడలేదు.

అక్క ఇప్పుడు ఏ దేశంలో వాయిస్తోందో నాకు తెలీదు. వాళ్ళాయన ప్రాజెక్టు అయిపోగానే ఖాళీ చేసి వెళ్ళిపోయారు. కానీ ఆ వారం తను నాకిచ్చింది నాతోనే ఉంది. ఒక పిల్ల వేసిన లెక్క తేలడానికి ఒక పెద్ద మనిషి ఎండలో కూర్చుని, అదే పాట మళ్ళీ మళ్ళీ వాయించింది. తప్పు ఎవరిదని అడగలేదు. ఆ రోజు నుంచి నేను ఏ వస్తువు గురించైనా, ఏ మనిషి గురించైనా, ఉన్నచోట కూర్చుని అవునో కాదో చెప్పడం మానేశాను. వాళ్ళుండే చోటికి వెళ్ళి, వాళ్ళ గాలి పీల్చి, అప్పుడు చెప్తాను. నర్సింగ్ వదిలేసి తీగల్లోకి వచ్చింది కూడా, అలా తేల్చుకోవడంలో ఉన్న ఆ ఆనందం కోసమే.

ఇంకో కబురు చివరికి దాచాను. ఉద్యోగం కూడా వచ్చింది! విజయవాడలో, బోరు మోటార్లకి కంట్రోలు పెట్టెలు చేసే చిన్న కంపెనీ. మొదటి రోజే మా సారు ఒక బోర్డు నా ముందు పెట్టి, "దీనికి హీట్‌సింక్ కావాలా, వద్దా?" అని అడిగారు.

"ఎక్కడ పెడతారండీ దీన్ని?"

"రెంటచింతల అవతల, పొలాల్లో. స్తంభానికి."

"అయితే ఒక మధ్యాహ్నం అక్కడ నిలబడి వచ్చి చెప్తానండీ."

"రెంటచింతలకా? మే నెలలోనా?"

"మే నెలలోనేనండీ" అన్నాను.